జిల్లా విడిపోయింది, మా శాఖ సంగతి తేలడానికి రెండేళ్ళు పట్టింది

తిరుపతి బైరాగిపట్టెడలో నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. ఎడమకాలికి పోలియో. చిన్నప్పుడు బర్డ్ ఆసుపత్రిలో రెండు ఆపరేషన్లు చేశారు, కాలిపర్ వేసుకుని నడుస్తాను. వికలాంగుల హక్కుల కోసం దేశమంతటా పనిచేసే ఒక సంఘంలో పదహారేళ్ళుగా సభ్యురాలిని. అందులో పదకొండేళ్ళు చిత్తూరు జిల్లా శాఖకు కోశాధికారిని. సంఘం పేరు ఇక్కడ రాయడం లేదు. గొడవలన్నీ దాటుకుని ఇప్పుడు కలిసే పనిచేస్తున్నాం, పైగా ఇలాంటి పంచాయితీ ఒక్క మా సంఘంలోనే ఉందని నేను అనుకోను. ఢిల్లీలో ఆఫీసు, జిల్లాల్లో శాఖలు ఉన్న ఏ సంఘంలోనైనా పనిచేసేవాళ్ళకు మేము పడిన పాట్లు పనికొస్తాయని రాస్తున్నాను.

ముందు మా ఏర్పాటు చెప్పాలి. సభ్యత్వం ఏడాదికి 50 రూపాయలు. అందులో 20 ఢిల్లీకి, 10 రాష్ట్ర కమిటీకి, 20 మాకు. రసీదు పుస్తకాలు ఢిల్లీలోనే అచ్చువేసి నంబర్లతో పంపేవాళ్ళు. బ్యాంకు ఖాతా జిల్లా శాఖ పేరుతోనే ఉన్నా పాన్ నంబరు మాత్రం జాతీయ సంఘానిది. చట్టం దృష్టిలో మాకంటూ వేరే ఉనికి లేదు. మా రసీదులో పడిన ప్రతి పది రూపాయలూ ఢిల్లీ ఆడిట్‌లో లెక్కే. చాలా ఏళ్ళు దీని గురించి మేము ఆలోచించిన పాపాన పోలేదు. చందా వసూలు చేయడం, సర్టిఫికెట్ కోసం తిరిగేవాళ్ళకు తోడుపోవడం, ట్రైసైకిలుకు అర్జీ రాయడం, ఇదే మా పని.

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిగా ఏర్పడింది. గూడూరు, సూళ్ళూరుపేట, వెంకటగిరి నెల్లూరు నుంచి మా జిల్లాలోకి వచ్చాయి. పక్కపక్కనే ఉండే పుత్తూరు, నగరిలో పుత్తూరు తిరుపతిలోకి వచ్చింది, నగరి చిత్తూరులో ఉండిపోయింది. కలెక్టరు మారితే వికలాంగుడికి అంతా మారినట్టే. అర్జీ ఇచ్చే చోటు వేరు, సంక్షేమ శాఖ అధికారి వేరు. కాబట్టి శాఖ కూడా విడిపోవాలనేది మాకు తేలిగ్గా తోచిన మాట. మే నెలలో చిత్తూరులో మీటింగు పెట్టుకున్నాం. అది తేలిక కాదని అక్కడే తెలిసింది.

కుప్పం నుంచి వచ్చిన అన్న ముందు లేచాడు. "మేము కుప్పం నుంచి చిత్తూరు రావడానికే పొద్దు పోతాది. ఇన్నాళ్ళూ తిరపతోళ్ళు మాట్లాడితే ఆఫీసర్లు విన్నారు. మీరు పోతే మా పక్క ఎవురుండారక్కా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. సభ్యుల్లో సగానికి పైగా తిరుపతి, శ్రీకాళహస్తి, చంద్రగిరి వైపు వాళ్ళే. మేము విడిపోతే చిత్తూరు శాఖ చేతిలో మిగిలే డబ్బు, మనుషులు ఎంతో నాకే బాగా తెలుసు. రిజిస్టరు రాసేది నేనే కదా. చివరికి నిల్వ డబ్బును సభ్యుల లెక్కన పంచుకుందామని, మొదటి రెండేళ్ళు కలెక్టరేటు పనులకు మావాళ్ళు చిత్తూరుకు కూడా రావాలని తీర్మానం రాశాం. కుప్పం అన్న తృప్తిపడలేదు. సంతకం మాత్రం పెట్టాడు.

ఆ తీర్మానం ఢిల్లీకి పంపాం. మూడు నెలలకు జవాబొచ్చింది. మా అధ్యక్షుడికి బొత్తిగా చూపు లేదు. రిటైరైన టీచరు. ఫోనులో అక్షరాలను పైకి చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని ఉత్తరాలన్నీ తానే వింటాడు. ఆ రోజు నా షాపులో కూర్చుని ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే అది "ఇమేజ్" అని ఒక్కమాట చెప్పి ఊరుకుంది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే మాట. కాగితం మీద సంతకం పెట్టి, దాన్ని స్కాన్ చేసి, ఆ బొమ్మనే పంపారు. చూపులేనివాళ్ళ హక్కుల కోసం పోరాడే సంఘం చూపులేని తన శాఖాధ్యక్షుడికి పంపిన ఉత్తరం అది. ఆయన ఏమీ అనలేదు. ఫోను నా చేతికిచ్చి "చదువమ్మా" అన్నాడు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని నాకు వచ్చినంతలో చదివి చెప్పాను. నా కత్తెర, గుడ్డలు అన్నీ పక్కనపెట్టి చదువుతుంటే నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఉత్తరంలో సారాంశం: నిబంధనావళి ప్రకారం శాఖ ఏర్పాటు జాతీయ కార్యవర్గం చేతిలో ఉంది, కార్యవర్గం కూర్చునేదాకా పాత శాఖే కొనసాగాలి. గూడూరు, సూళ్ళూరుపేట సభ్యుల సంగతి నెల్లూరు శాఖతో తేల్చుకోవాలి. నెల్లూరు వాళ్ళు ఆ సభ్యులను వదులుకోవడానికి ఒప్పుకోలేదు. వాళ్ళ తప్పు కూడా కాదు. సభ్యుడు పోతే చందా పోతుంది, రాష్ట్ర మహాసభలో ప్రతినిధుల సంఖ్య తగ్గుతుంది.

ఈలోపు బ్యాంకు ఖాతా ఆగింది. మా పాత సెక్రటరీ 2021లో కరోనాతో పోయాడు. ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతాలో నా సంతకం ఒక్కటే మిగిలింది. కేవైసీ గడువు వచ్చినప్పుడు బ్యాంకువాళ్ళు సరిగానే అడిగారు: పాన్ ఎవరిదో వాళ్ళ తీర్మానం తెండి, కొత్త సంతకందారును వాళ్ళే నియమించాలి అని. ఢిల్లీ నుంచి ఆ ఒక్క తీర్మానం రావడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో శ్రీకాళహస్తి దగ్గర ఒక పిల్లాడి బ్యాటరీ ట్రైసైకిలు చెడిపోయింది. కొత్త బ్యాటరీకి డబ్బు ఖాతాలో ఉంది. ఆ పిల్లాడి పేరు మీదే దాతలు ఇచ్చిన డబ్బు. తీయలేకపోయాం. వాళ్ళమ్మ రోజూ ఎత్తుకుని కాలేజీకి తీసుకుపోయింది. పద్దెనిమిదేళ్ళ పిల్లాడు. చివరికి మా కమిటీవాళ్ళం తలా ఇంత వేసుకుని కొనిచ్చాం. అంతవరకూ "ఓపిక పడదాం" అన్న నేనే ఆ సాయంత్రం "మన సంఘాన్ని మనమే రిజిస్టరు చేసుకుందాం" అని మొదట అన్నాను.

ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం ఏడుగురు కలిస్తే సొసైటీ పెట్టుకోవచ్చు. ఆశయ పత్రం, నిబంధనావళి, చిరునామా రుజువు, ఏడుగురి గుర్తింపు కార్డులు, ఇంతే. కాగితాల పని పెద్ద కష్టం కాదు. అసలు చిక్కు మా ఊరి ఆడిటరు సారు చెప్పాడు. మా శాఖలో ఒక కోఆర్డినేటరు ఉన్నాడు, పుత్తూరు అతను, రెండు కాళ్ళూ లేవు. ఊరూరా తిరిగి సర్టిఫికెట్ల పని చూసేది అతనే. అతని నెల జీతం ఢిల్లీ నుంచి, విదేశీ విరాళాల ఖాతాలోంచి వస్తుంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020 సెప్టెంబరులో సవరణ తెచ్చారు. విదేశీ విరాళం తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. "శాఖగా ఉన్నంతకాలం అది వాళ్ళ ఖర్చు. రిజిస్టరు చేసుకున్న మరుక్షణం మీరు వేరే సంస్థ. ఒక్క రూపాయి కూడా మీకు పంపడానికి వీల్లేదు, పంపితే విదేశీ విరాళాలు తీసుకునే వాళ్ళ లైసెన్సుకే ముప్పు" అన్నాడు సారు.

అప్పుడు నాకు ఢిల్లీవాళ్ళ భయం కొంత అర్థమైంది. శాఖలు వేరుగా రిజిస్టరు చేసుకోవద్దని వాళ్ళు గట్టిగా అనేది కేవలం పెత్తనం కోసం అనుకున్నాను. కాదు. ఒక శాఖ తప్పు లెక్క రాస్తే దేశం మొత్తం మీద సంఘం లైసెన్సు ఆగిపోవచ్చు. ఈ మాట ఏ సర్క్యులర్‌లోనూ మాకు విడమరిచి చెప్పలేదు. "నిబంధనలకు విరుద్ధం" అని మాత్రం రాసేవాళ్ళు. కారణం చెప్పి ఉంటే సగం గొడవ అక్కడే ఆగేది.

ఓటు పెట్టిన రోజు పుత్తూరు తమ్ముడు కూడా మీటింగులో ఉన్నాడు. విడిగా రిజిస్టరు చేసుకుంటే మొదట పోయేది అతని జీతం. ఇద్దరు పిల్లలు. అతన్ని బయటికి పంపి మాట్లాడుకుందామా అని ఎవరో అన్నారు. "నేను ఈడే ఉంటా" అన్నాడు. చేతులెత్తమన్నప్పుడు అనుకూలంగా చెయ్యెత్తాడు. "ట్రైసైకిలు బ్యాటరీ నేనే మోసుకొచ్చినా కదక్కా" అన్నాడు, అంతే.

2023 మొదట్లో రిజిస్ట్రేషన్ పనిలో మేము తిరగాల్సిన ఆఫీసుల్లో ఒకటి మేడ మీద ఉంది. ఇరవై రెండు మెట్లు. లిఫ్టు లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం అప్పటికే ఉన్న ప్రభుత్వ భవనాలను నిబంధనలు వచ్చిన ఐదేళ్ళలోపు మాకు అనువుగా మార్చాలి. నిబంధనలు వచ్చింది 2017లో. అంటే 2022కే గడువు అయిపోయింది. మా ఏడుగురిలో నలుగురం మెట్లు ఎక్కలేం. అక్కడి గుమాస్తా ఒకామె రిజిస్టరు పట్టుకుని కిందికి దిగి వచ్చింది. ఆఖరి మెట్టు మీద కూర్చుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్కరి చేత సంతకం పెట్టించింది. చూపులేని మా సారు వేలు పట్టుకుని గీత దగ్గర ఆనించింది. ఆమెకు మేము రుణపడి ఉన్నాం. కానీ మాకు కావాల్సింది ఆమె మంచితనం మీద ఆధారపడడం కాదు, ర్యాంపు.

రిజిస్ట్రేషన్ అయింది. పేరులో జాతీయ సంఘం పేరు వాడలేదు, జాగ్రత్తగా వేరే పేరు పెట్టుకున్నాం. అయినా మార్చిలో షోకాజ్ నోటీసు వచ్చింది. క్రమశిక్షణ తప్పారు, రసీదు పుస్తకాలు, సీలు, రిజిస్టరు వెంటనే తిరిగి ఇవ్వండి, పాత బకాయి చెల్లించండి అని. ఆ బకాయి లెక్క చూసి నాకు నోటమాట రాలేదు. ఖాతా ఆగిపోయిన ఏడు నెలలకు కూడా వాటా వేశారు.

రసీదు పుస్తకాలు, సీలు ఇచ్చేశాం. ఢిల్లీ అచ్చువేసినవి ఢిల్లీవే. రిజిస్టరు ఇవ్వలేదు. అందులో ప్రతి సభ్యుడి ఆధార్ నంబరు, ఫోను, వైకల్యం శాతం, కొందరి మానసిక వైద్యం వివరాలు కూడా ఉన్నాయి. వాళ్ళు ఆ వివరాలు మా మొహం చూసి చెప్పారు. తిరుచానూరులో ఒకామె తన బిడ్డకు మేధోవైకల్యం ఉన్న సంగతి పెళ్ళికావాల్సిన పెద్దకూతురి కోసం ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. నాకు చెప్పింది. ఆ పేజీని నేను కొరియరులో ఎలా పంపగలను? ఆ ఏడాది ఆగస్టులో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక మా మాటకు కొంచెం బలం వచ్చింది గానీ, చట్టం రాకపోయినా నేను పంపేదాన్ని కాదు.

ఆరు నెలలు ఉత్తరాలే. మధ్యలో ఒకసారి జాతీయ నాయకులు ఇద్దరు తిరుమల దర్శనానికి వచ్చారు. కబురు చేస్తే పోయి కలిశాం. వాళ్ళు వచ్చినప్పుడల్లా రైల్వే స్టేషన్లో వీల్‌చెయిర్ దగ్గర్నుంచి గది దాకా చూసుకునేది మేమే. ఆ గొడవలో మమ్మల్ని సస్పెండ్ చేసి ఉన్నా చూసుకున్నాం. ఆ రోజు గదిలో ఒకాయన, వయసులో పెద్దాయన, 1995 చట్టం కోసం తాము తిరిగిన రోజుల గురించి చెప్పుకొచ్చాడు. దేశంలో మా హక్కుల కోసం వచ్చిన మొదటి సమగ్ర చట్టం అది. అందులో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, 2016 చట్టంలో ఇరవై ఒకటి అయ్యాయి. ఉద్యోగాల్లో రిజర్వేషన్ 3 శాతం నుంచి 4 శాతం అయింది. ఆ మార్పులేవీ తిరుపతిలో కూర్చుని మేము సాధించగలిగేవి కావు. ఆయన మాటలు వింటుంటే నా కోపం కొంత దిగింది. నా వంతు వచ్చినప్పుడు బ్యాటరీ సంగతి చెప్పాను. "ఇమేజ్" సంగతి చెప్పాను. ఆయనకు రెండూ తెలియవు. మా ఉత్తరాలు ఆయన దాకా పోనేలేదు. రాష్ట్ర కమిటీ మధ్యవర్తిగా ఉండి మాట్లాడుకోవాలని అక్కడే నిర్ణయమైంది.

మాటలు నా షాపులోనే జరిగాయి. మెట్లు లేని చోటు అదొక్కటే. మూడుసార్లు కూర్చున్నాం. 2024 ఏప్రిల్లో నాలుగు పేజీల ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి. మేము వేరే సొసైటీగానే ఉంటాం, లెటర్‌హెడ్ కింద అనుబంధ సంఘమని ఒక లైను వేస్తాం. రసీదులు మేమే అచ్చు వేసుకుంటాం, ఏటా ఏప్రిల్లో కట్ చేసిన రసీదుల లెక్కన వాటా పంపుతాం. సభ్యుల పేరు, మండలం మాత్రమే పైకి పోతాయి, మిగతా వివరాలు రిజిస్టరు దాటవు. సర్క్యులర్లు టెక్స్ట్‌లో రావాలి, ముఖ్యమైనవి తెలుగులో రావాలి. పుత్తూరు తమ్ముడిని జాతీయ సంఘమే తన సొంత ఉద్యోగిగా నేరుగా పెట్టుకుంటుంది. జీతం మా చేతుల మీదుగా రాదు కాబట్టి చట్టానికి అడ్డు లేదని ఇరువైపులా ఆడిటర్లు ఒప్పుకున్నారు. అతను ఎవరి మాట వినాలి అన్న దాని మీద మాత్రం ఒక మధ్యాహ్నమంతా పోయింది. రోజువారీ పని మా కమిటీ చెబుతుంది, నెల రిపోర్టు ఢిల్లీకి రాస్తాడు. రిపోర్టు కాపీ మాకూ ఇస్తాడు.

అన్నిటికంటే ఎక్కువ గొడవ జరిగింది పత్రికా ప్రకటనల మీద. ముందుగా అనుమతి లేకుండా మాట్లాడకూడదని వాళ్ళు. జిల్లా విషయాలు మావి, దేశం విషయాలు మీవి అని మేము. రెండిటి మధ్యలో పడేవాటికి 48 గంటలు అని రాసుకున్నాం. మా ప్రకటన పంపిన 48 గంటల్లో ఢిల్లీ ఏమీ చెప్పకపోతే మేము ఇచ్చేయవచ్చు.

ఆ నవంబరులో రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. భవనాలు మాకు అనువుగా ఉండాలనే ప్రమాణాలను సలహాల్లా వదిలేయకుండా తప్పనిసరి నిబంధనలుగా మూడు నెలల్లో చేయమని కేంద్రానికి చెప్పింది. దాని వివరం ఢిల్లీ నుంచి నాలుగు రోజుల్లో తెలుగులో వచ్చింది. మా అధ్యక్షుడు షాపులో కూర్చుని ఫోను చెవికి పెట్టుకుని మొత్తం విన్నాడు. మధ్యలో నేను మిషన్ తొక్కుతుంటే ఆపమని చెయ్యి ఊపాడు.

48 గంటల షరతుకు అసలు పరీక్ష 2025లో వచ్చింది. అంతకుముందు ఏడాది జూలైలో వికలాంగ పింఛను 3000 నుంచి 6000 అయింది. తర్వాత పింఛన్ల పునఃపరిశీలన మొదలైంది, డాక్టర్లు మళ్ళీ పరీక్షించి వైకల్యం 40 శాతం కన్నా తక్కువ అని తేల్చినవాళ్ళకు నోటీసులు వచ్చాయి. అనర్హులను తీసేయడానికి మేము అడ్డుచెప్పలేదు. కానీ పుట్టుకతో చెవుడు ఉన్నవాళ్ళకు, ఒక కాలు చచ్చుబడినవాళ్ళకు కూడా నోటీసులు వచ్చాయి. షాపు ముందు జనం. వెంకటగిరి నుంచి ఒక ముసలామె ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్ని చీర కొంగులో ముడేసుకుని వచ్చింది. ముడి విప్పడానికి ఆమె వేళ్ళు సహకరించలేదు, నేనే విప్పాను. వికలాంగత్వం "తాత్కాలికం" అని ఉంది అందులో. ఆమె వేళ్ళు ముప్పై ఏళ్ళుగా అలాగే ఉన్నాయి.

శుక్రవారం సాయంత్రం మా వినతిపత్రం ఢిల్లీకి పంపాం. శనివారం పోయింది, ఆదివారం సాయంత్రానికి 48 గంటలూ నిండాయి. జవాబు లేదు. సోమవారం కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చేశాం, విలేకరులతో మాట్లాడాం. మంగళవారం ఢిల్లీ నుంచి ఫోను. మేము మాట్లాడినందుకు అభ్యంతరం లేదు గానీ "వికలాంగులు" అన్న మాట వాడకూడదని. హిందీలో ఆ మాటను తక్కువ చేసేదిగా చూస్తారట. మా అధ్యక్షుడు ఓపిగ్గా చెప్పాడు. "మేడమ్, మా చిన్నప్పుడు మమ్మల్ని గుడ్డోడా, కుంటిదానా అని పిలిచినారు. సంఘం పెట్టుకున్నాక వికలాంగులం అని మేమే పేరు పెట్టుకున్నాం. ప్రభుత్వం విభిన్న ప్రతిభావంతులు అంటుంది, ఆ మాట పలకడానికే మా సభ్యులకు కష్టం. మా అర్జీలో మా మాటే ఉంటుంది." ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ నోటీసుల కాపీలు పేర్లు కొట్టేసి పంపగలరా, ఇక్కడ అధికారులకు చూపించాలి అంది. ఆ రాత్రి పుత్తూరు తమ్ముడు, నేను కూర్చుని ప్రతి కాగితం మీదా పేరు, ఆధార్ నల్ల స్కెచ్‌తో కొట్టేసి పంపాం. వెంకటగిరి ముసలామె కాగితం అందులో మొదటిది. అప్పీలు రాసి ఇచ్చాం, ఆమెను మళ్ళీ పరీక్షకు పిలిచారు. పింఛను ఆగలేదు.

ఇంకా తేలనివి ఉన్నాయి. వెంకటగిరి, గూడూరు సభ్యులు ఇప్పటికీ కాగితం మీద నెల్లూరు శాఖ కిందే ఉన్నారు, కష్టం వచ్చినప్పుడు మా దగ్గరికి వస్తారు. నెల్లూరు శాఖకూ మాకూ రెండు చందాలు కట్టమని వాళ్ళను నేను అడగలేను. ముసలామెకు రసీదు రాయలేదు, వివరాలు మాత్రం రిజిస్టరు చివరి పేజీలో పెన్సిలుతో రాసుకున్నాను. ఆ పేజీలో ఇప్పుడు నలభై ఒక్క పేర్లు ఉన్నాయి. ఒప్పందం మూడేళ్ళకు రాసుకున్నాం, 2027 ఏప్రిల్లో మళ్ళీ కూర్చోవాలి. ఆ పేజీ తీసుకుని నెల్లూరు వాళ్ళను కూడా షాపుకు పిలవమని రాష్ట్ర కమిటీకి ఇప్పుడే ఉత్తరం రాశాం. కుప్పం అన్నను కూడా రమ్మన్నాను.